మౌనిక ఆడిన నిమిషాలు

ఈ వానాకాలం నుంచి నేను మళ్లీ మెట్లు మామూలుగా దిగుతున్నాను. గోడ పట్టుకోవడం లేదు, ముందు ఏ పాదం వేయాలో ఆలోచించడం లేదు. కాలు బాగున్నవాళ్లకు ఇదొక విషయమని కూడా తోచదు. నాకు మాత్రం పొద్దున్నే మంచం మీంచి ఎడమ పాదం నేలకు ఆనించేటప్పుడు ఇప్పటికీ ఒక్క క్షణం భయం వేస్తుంది. నొప్పి రాదు. అప్పుడు లేస్తాను.

మా జనగామలో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలు ఎక్కువమంది లేరు. ఉన్నవాళ్లకో, వాళ్ల తల్లిదండ్రులకో పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అంతకన్నా ముందు నా మనసు కుదుటపడడానికి రాస్తున్నాను. ఎముక విరిగిన సంగతి ఎవరికైనా చెప్పవచ్చు. అది అతుక్కునేదాకా సొంత చెల్లెల్ని చూసి ఎంత కుళ్లుకున్నానో చెప్పడమే కష్టం. అది వదిలేస్తే నేను పడిన జబ్బులో సగం చెప్పనట్టే.

నా పేరు రవళి. డిగ్రీ చదువుతున్నాను. చెల్లెలు మౌనిక నాకంటే రెండేళ్లు చిన్నది. మాది బచ్చన్నపేట వైపు పల్లె. మేం చిన్నగా ఉన్నప్పుడే బాపు మేస్త్రీ పని వెతుక్కుంటూ జనగామకు వచ్చాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మాకు ఆట నేర్పింది యాదగిరి సార్. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక అమ్మాయిలను పోగుచేసి జట్టు కట్టారు. మా కోర్టు సిమెంటుది. వేసవిలో కాలుతుంది, వానల్లో జారుతుంది. ఆడిన కొద్దీ అరికాలి నుంచి మోకాలిదాకా మొద్దుబారుతుంది.

జట్టులో మేం ఏడుగురం. అయిదుగురు కోర్టులో ఉంటే బెంచీ మీద మిగిలేది ఇద్దరు. వాళ్లిద్దరూ కొత్తవాళ్లు, అందులో ఒకతి మౌనిక. కాబట్టి నేను బయటికి రావడమనేదే లేదు. మ్యాచంటే పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, ఆ నలభై నిమిషాలూ నేను కోర్టులో ఉండాల్సిందే. సార్ దాన్ని అందరికీ గర్వంగా చెప్పేవారు.

"మా రవళి మిషిన్ లెక్క. బందే కాదు," అనేవారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పొంగేది.

*ఆగస్టు*

నొప్పి నిరుడు ఆగస్టులో మొదలైంది. ఎడమ కాలి ముందరి ఎముక మీద, లోపలి అంచున, బొటనవేలు ఆనినంత చోట. మొదట్లో ఆడి ఇంటికొచ్చాక సలిపేది. ఐసు పెడితే తగ్గేది. కొన్నాళ్లకు ఆట మొదట్లో ఉండి ఒళ్లు వేడెక్కాక పోయేది. ఆ తర్వాత పోవడం మానేసింది. బతుకమ్మ ఆడే రోజుల్లో వాకిట్లో చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే అడుగడుగుకీ తెలిసేది. పక్కింటి అక్కలు నన్ను చూసి, బాస్కెట్‌బాల్ ఆడే పిల్ల బతుకమ్మకు అలిసిపోయిందని నవ్వారు.

ఊళ్లో ఒక చిన్న దవాఖానకు వెళ్తే ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. అలాంటి పగుళ్లు మొదట్లో ఎక్స్‌రేలో కనబడవని నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఏమీ లేదన్న మాట పట్టుకుని ఇంటిల్లిపాదీ సంతోషించాం.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని చాలా తటపటాయించాను. వేసవి నుంచి నాకు నెలసరి రావడం లేదు. అమ్మ గమనించింది. ఎవరినో అడిగితే ఆటలాడే పిల్లలకు అట్లాగే అవుతుందన్నారట. నాకూ అది ఒక రకంగా హాయిగానే ఉండేది. టోర్నమెంటు రోజుల్లో బెంగ లేదు కదా అనుకున్నాను. అన్నం కూడా సగం పూటలు ఎగ్గొట్టేదాన్ని. పొద్దున చాయ్, బన్ను. ఆట అయ్యాక ఆకలి చచ్చిపోయేది.

అప్పటికే మౌనిక ఎదుగుతోంది. నాకంటే జానెడు పొడుగు. నేను ఏళ్ల తరబడి పొద్దున్నే వెళ్లి నేర్చుకున్న ఎడమచేతి ఆట దానికి వారంలో వచ్చింది. సార్ దాన్ని నాలుగైదు నిమిషాలు ఆడించి కూర్చోబెట్టేవారు. ఆ నాలుగైదు నిమిషాల్లోనే బంతి దాని చేతికి ఎట్లా వెళ్లేదో, జనం దానివైపు ఎట్లా తిరిగేవారో నేను చూశాను. అప్పటికి నాకు భయం లేదు. అది కూర్చునేది, నేను ఆడేదాన్ని.

*అక్టోబరు*

దసరా సెలవుల్లో మహబూబాబాద్‌లో టోర్నమెంటు జరిగింది. రోజుకు రెండు మ్యాచులు. రెండో రోజు రెండో మ్యాచిలో, విరామ సమయంలో నేను సార్ దగ్గరికి వెళ్లి కాలు చూపించాను.

"సార్, పాదం మోపుతుంటే గుచ్చుకుంటున్నది."

సార్ గుక్కెడు నీళ్లు తాగినంతసేపు ఆలోచించారు. మేం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం.

"జర ఓర్చుకో బిడ్డా. ఇంకో క్వార్టర్ చూద్దాం. మల్ల దించుత," అన్నారు.

నాకూ దిగాలని లేదు. నేను దిగితే ఎవరు ఎక్కుతారో తెలుసు.

ఆ క్వార్టర్ ఇంకా ముగియలేదు. రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతిని అందుకుని కిందికి దిగాను. నన్నెవరూ తాకలేదు, నెట్టలేదు. కాలు లోపల టక్కుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు కాబట్టి రిఫరీ ఈల కూడా వేయలేదు. నేను పడిపోయి ఉండగానే ఆట అవతలి వైపుకు పరుగెత్తింది. ఆ కొద్ది క్షణాలు ఇప్పటికీ నాకు గుర్తుకొస్తాయి. అందరి వీపులూ నాకు కనబడుతున్నాయి. ఒక్క మౌనిక మాత్రం బెంచీ మీంచి లేచి నావైపు పరుగెత్తుకొస్తోంది.

ఆటోలో నా తల దాని ఒళ్లోనే పెట్టుకుంది. ఏడుస్తూనే ఉంది. ఎముకల దవాఖానలో జనం కిక్కిరిసి ఉన్నారు. బల్లలు నిండిపోయి కొందరు గోడవారగా కూర్చున్నారు. మా పక్కన దంతాలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. ఆమె చెయ్యే విరిగి మెడకు కట్టుకున్న గుడ్డలో వేలాడుతోంది. నా పాదం ఇనుప బల్ల అంచుకు తగులుతుంటే చూసి, కోడలితో తమ భాషలో ఏదో అని, జరిగి కూర్చుంది.

"కాలు గిట్ల నా ఒళ్లె పెట్టు బిడ్డా. ఇనుము మీద వెడితే సల్లగ కొడ్తది," అంది.

"వద్దవ్వా, నీ చెయ్యి..."

"చెయ్యి ఇరిగింది గాని ఒళ్లు ఇరగలె గదా."

మా పేరు పిలిచేదాకా నా పాదం ఆమె ఒళ్లోనే ఉంది. ఆమె మంచి చేత్తో నా మడమ కదలకుండా పట్టుకుంది. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

అంతలో మౌనిక ఫోన్ మోగింది. సార్. మ్యాచ్ గెలిచామట. మర్నాడు పొద్దున సెమీఫైనలు. నా బదులు ఎక్కింది ఇంకో కొత్త పిల్ల కాబట్టి ఇక మౌనిక లేకపోతే జట్టు నిలబడదు. మౌనిక నావైపు చూసింది.

"పో," అన్నాను.

"నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోవాలక్కా?"

"బాపు వస్తున్నడు గదా. నువ్వు పో."

అది లేచి, వంగి, బల్ల కింద ఉన్న నా బూట్లు తీసింది. దాని బూట్లు అడుగు ఊడిపోయి చాలా రోజులైంది. "గివి ఏసుకుంటనే," అని మెల్లగా అడిగింది. నేను తలూపాను. ఎడమ బూటు ఇంకా నా చెమటతో తడిగానే ఉంది. అది వాటిని చంకలో పెట్టుకుని గుమ్మం దాటి వెళ్తుంటే, నా కాలి నొప్పి కంటే పైన ఛాతీలో ఏదో కాలింది. అసూయ అనే మాట నాకు తెలుసు కానీ అది ఒంట్లో ఎక్కడ ఉంటుందో ఆ రోజే తెలిసింది.

డాక్టరమ్మ చాలా మెత్తగా మాట్లాడే మనిషి. సాయంత్రానికి బాపు, సార్ ఇద్దరూ వచ్చారు. వాళ్ల ముందే అడిగింది.

"ఒక మ్యాచ్‌ల ఎంతసేపు ఆడుతవమ్మా?"

"మొత్తం, మేడం."

"దినానికి ఎన్ని మ్యాచులు?"

"రెండు. ఒక్కోసారి మూడు."

"ఎవరు ఎంతసేపు ఆడిన్రో లెక్క ఎవరు చూస్తరు?"

బాపు సార్ వైపు చూశాడు. సార్ తన చేతిలోని ఈల వైపు చూసుకున్నారు. ఎన్ని పాయింట్లు వేశామో, ఎన్ని ఫౌళ్లు చేశామో రాసేవాళ్లు ఉన్నారు. ఎవరు ఎన్ని నిమిషాలు కాళ్ల మీద ఉన్నారో చూసే మనిషి లేడు.

"ఎముక గూడ అలిసిపోతదండి," అంది ఆమె వాళ్లిద్దరితో. "ఎగిరి దుంకినప్పుడల్లా జరంత దెబ్బ తింటది. ఆరామ్ ఇస్తే దానంతట అదే సరిచేసుకుంటది. ఈ పిల్ల ఎముకకు మీరు ఆ సందే ఇయ్యలె."

తర్వాత మగవాళ్లను బయటికి పంపి నెలసరి గురించి అడిగింది. తిండి గురించి అడిగింది. నేను చెప్పాను. ఆమె కోప్పడలేదు. అది ఆగిపోవడం మామూలు కాదని, ఒంట్లో సత్తువ చాలక ఎముక కూడా బోలుగా అవుతోందని, ఎవరైనా మామూలే అంటే నమ్మవద్దని చెప్పింది. ఇది చదివే ఆడపిల్లలు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పొద్దున పిండికట్టు వేస్తుండగా బాపుకు ఫోన్ వచ్చింది. "గెలిచిన్రట. మన మౌనికనే ఎక్కువ పాయింట్లు..." అని వెలుగుతున్న ముఖంతో నావైపు తిరిగి, మధ్యలో ఆగిపోయాడు. నేను మంచిదే కదా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

*నవంబరు, డిసెంబరు*

పిండికట్టుతో ఇంట్లో గడిపిన రోజులు ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చెప్పలేను. మంచం కిటికీ పక్కన వేశారు. సందులో బంతి చప్పుడు వినిపించేది. ఆ చప్పుడును బట్టే మౌనిక కుడిచేత్తో కొడుతోందా ఎడమచేత్తోనా నాకు తెలిసిపోయేది. చెవులు మూసుకుందామనిపించేది, మూసుకునేదాన్ని కాదు.

అమ్మ నాకు గుడ్లు, పాలు, రాగిజావ అని వేళ తప్పకుండా పెట్టేది. ఏ లోటూ చేయలేదు. కానీ సాయంత్రం మౌనిక ఆడి వచ్చాక, నా మంచం చివరనే కూర్చోబెట్టుకుని దాని కాళ్లకు నూనె రాసేది. నా విషయంలో భయపడింది కదా, ఇక దానికైనా ఏమీ కాకూడదని. నాకు ఎన్నడూ అట్లా రాయలేదు. నేను అడగలేదు కూడా. అమ్మ బొటనవేళ్లు దాని పిక్కల మీద పైకీ కిందికీ పోతుంటే నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

జట్టులో నేను వేసుకునే ఏడో నంబరు బనియను కూడా దానికే ఇచ్చారు. కొత్తది కుట్టించేదాకా అన్నారు. పేపర్లో ఒకసారి దాని ఫోటో వచ్చింది. అందులో ముఖం చిన్నగా, ఏడు పెద్దగా కనబడుతోంది. చూడడానికి వచ్చిన మేనత్త ఆ పేపరు పట్టుకుని, "రవళీ, నీ నంబరు మంచిది పోరీ. దానికి కలిసొచ్చింది," అంది. ఆమె మనసులో ఏ చెడూ లేదు.

ఇంట్లో గొడవలు కూడా అప్పుడే ముదిరాయి. నన్ను దవాఖానకు తిప్పడంతో బాపుకు పనులు తప్పిపోయాయి. అమ్మ బాపునూ సార్‌నూ కలిపి తిట్టేది.

"ఆడపిల్ల కాలు ఇరగ్గొట్టి తెచ్చి నా మంచంల ఏసిన్రు. ఇగ చిన్నదాన్ని గూడ పంపుతరా? నేను పంప."

"దానికి రాష్ట్ర క్యాంపుకు చాన్సు ఉన్నదే. సార్ చెప్పిండు," అన్నాడు బాపు.

"సార్‌కేంది, చెప్తడు. కాలు ఆయనదా?"

మౌనిక తలుపు దగ్గర నిలబడి వింటోంది. నన్ను సాయం కోరుతున్నట్టు చూసింది. అది ఆట మానేస్తే బాగుండునని నాకూ ఉంది. అమ్మ కారణం వేరు, నా కారణం వేరు. అందుకే నోరు విప్పలేదు. చివరికి బాపు మాటే నెగ్గింది. మౌనిక ఆ రోజు నాతో మాట్లాడకుండా అన్నం తిని లేచింది.

*జనవరి*

కట్టు విప్పాక నా కాలు చూసి నేనే జడుసుకున్నాను. సన్నబడి, పొట్టులేచి, వేరే ఎవరి కాలో తెచ్చి అతికించినట్టుంది. కర్ర పట్టుకుని నడవడం నేర్చుకున్నాను. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోందని సార్‌ను అడిగితే, రోజూ వచ్చి బెంచీ మీద కూర్చోమన్నారు.

అక్కడ నాకు చేయడానికి పని లేదు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మౌనిక కోర్టులో ఉన్న నిమిషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు. అది ఆడే ప్రతి నిమిషం నాదేననిపించేది. ఎవరైనా నా వస్తువు వాడుకుంటుంటే ఎంతసేపు వాడారో చూసుకున్నట్టు చూసేదాన్ని. అది బయటికొస్తే ఆపేదాన్ని. ఎక్కితే మళ్లీ నొక్కేదాన్ని.

నాకు జరిగినదాని తర్వాత సార్ మారారు. పిల్లలను మార్చి మార్చి ఆడిస్తానని బాపుకు మాటిచ్చారు. మొదట్లో ఆడించారు కూడా. కానీ మ్యాచ్ బిగిసినప్పుడు ఆయన కళ్లు స్కోరు బోర్డు మీదే ఉండేవి. మౌనికను దించడం మరిచిపోయేవారు. మరిచిపోయినట్టు ఆయనకే తెలిసేది కాదు. జనవరి చివరికల్లా నా ఫోన్ ఆగకుండా నలభైకి పోతోంది. నాకు కడుపు మండేది. అది ప్రమాదమని మాత్రం తోచలేదు. నాకు దక్కనిది దానికి పూర్తిగా దక్కుతోందనే తోచింది.

*ఫిబ్రవరి*

భూపాలపల్లిలో పెద్ద టోర్నమెంటు. బొగ్గు గనుల ఊరు కాబట్టి కాలనీలో మంచి కోర్టు ఉంది, చుట్టూ మెట్ల గ్యాలరీ ఉంది. రాష్ట్ర శిబిరానికి పిల్లలను ఎంచేవాళ్లు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. నేనూ బాపూ జట్టుతోనే వెళ్లాం. ఆఖరి రోజు పొద్దున సెమీఫైనలు, సాయంత్రం ఫైనలు. సెమీలో మౌనిక ఒక్క నిమిషం కూడా బయటికి రాలేదు. ఎంపిక చేసేవాళ్లలో ఒకాయన సార్‌ను పిలిచి దాని వయసు అడగడం నేను చూశాను.

మధ్యాహ్నం అన్నాలకు అందరూ గ్యాలరీ దిగుతున్నారు. నేను కింద కూర్చుని ఉన్నాను. మౌనిక పక్కకు తిరిగి, ఇనుప కడ్డీ పట్టుకుని, ప్రతి మెట్టు మీదా ముందు కుడి పాదమే వేస్తూ దిగుతోంది. కిందికి వచ్చాక ఎవరూ చూడడం లేదనుకుని వంగి, ఎడమ కాలి ఎముక లోపలి అంచును బొటనవేలితో నొక్కుకుంది. నొక్కి, చప్పున చెయ్యి తీసేసింది.

ఆ చోటు నాకు తెలుసు. అక్కడ నొక్కితే ఎట్లా ఉంటుందో నాకు తెలిసినంతగా ఆ మైదానంలో ఎవరికీ తెలియదు.

ముందు నాకు కలిగింది జాలి కాదు. ఒక్క క్షణం పాటు లోపల ఏదో చల్లబడింది. ఇక నీ వంతు అనుకున్నాను. మరుక్షణమే భయం వేసింది. దాన్ని పక్కకు పిలిచాను.

"ఎన్ని రోజుల సంది నొస్తున్నది?"

"ఏంది?"

"కాలు."

"ఏం నొస్తలేదు."

"మౌనికా, నెల వస్తున్నదా నీకు?"

అది ముఖం తిప్పుకుంది. తర్వాత నావైపు తిరిగినప్పుడు దాని కళ్లలో నీళ్లున్నాయి, కోపం ఉంది.

"సాయంత్రం ఫైనలు. వాళ్లు నన్నే చూస్తున్నరు. నువ్వు ఆడలేకపోతున్నవని నన్ను గూడ ఆడనియ్యవా అక్కా? నీ ఫోన్ల ఏం లెక్కవెడుతున్నవో నాకు తెల్వదనుకున్నవా?"

నేను ఫోన్ జేబులో పెట్టేశాను. అది వెళ్లిపోయింది. బాపుకు చెప్పాను. బాపు తల పట్టుకుని కూర్చున్నాడు. "అది నొస్తలేదు అంటున్నది. నువ్వు నొస్తున్నది అంటున్నవ్. ఇద్దరు నా బిడ్డలే. నేనేం జేయాలె?" అన్నాడు.

కర్ర పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒంటరిగా కూర్చుని డబ్బాలో అన్నం కలుపుకుంటున్నారు. చూసింది చూసినట్టు చెప్పాను. పదిరోజులుగా అది ఎంతసేపు ఆడిందో కూడా చెప్పాను.

సార్ ముద్ద కింద పెట్టేశారు. "రవళీ, ఒక మాట అడుగుత. ఏమనుకోకు. దాని మీద నీకు మనసుల..."

"కుళ్లు ఉన్నది సార్," అన్నాను. "మస్తు ఉన్నది. అది ఆడుతుంటే నాకు అన్నం సయిస్తలేదు. అయినా గాని గిది నిజం. దాని కాలు నా కాలు లెక్కనే అయితున్నది."

ఆయన డబ్బా మూత పెట్టారు. ఎంపిక చేసేవాళ్లు కూర్చున్న వైపు ఒకసారి చూశారు. తర్వాత నా కాలి వైపు చూశారు. మహబూబాబాద్‌లో తాను అన్న మాట ఆయనకు గుర్తుకొచ్చిందేమో నాకు తెలియదు. నేను గుర్తు చేయలేదు.

సాయంత్రం ఫైనల్లో సార్ మౌనికను ఆడించలేదు. బెంచీ మీద, నా పక్కనే కూర్చోబెట్టారు. అది రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని, మ్యాచంతా నేలనే చూసింది. చివర్లో మేం నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు లేచి సార్ ముందు నిలబడింది.

"సార్, అయిదు నిమిషాలు. అయిదే."

సార్ బోర్డు వైపు చూడలేదు. "కూసో బిడ్డా," అన్నారు.

ఓడిపోయాం. శిబిరానికి మౌనికను తీసుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో అది అందరికంటే వెనక సీట్లో కూర్చుంది. నేను కోరుకున్నదే జరిగింది కదా, అది ఆడలేదు. నాకు సంతోషం మాత్రం దొరకలేదు.

*మార్చి నుంచి వేసవి*

మహబూబాబాద్ డాక్టరమ్మే దాన్నీ చూసింది. ఈసారి ఎక్స్‌రే కాదు, ఎమ్మారై తీయించింది. పగులు ఇంకా పడలేదు. పడబోయే చోట ఎముక లోపల వాపు ఉంది. ఆట ఆపి, తిండి సరిచేసుకుని, కొన్ని వారాలు ఆగితే కట్టు కూడా అక్కర్లేదంది.

"ఇంకొన్ని మ్యాచులు ఆడితే అక్క లెక్కనే అయ్యేది. ఎవరు గుర్తువట్టిన్రు?" అని అడిగింది.

అమ్మ నన్ను చూపించింది. మౌనిక గోడ మీద ఉన్న ఎముకల బొమ్మను చూస్తూ కూర్చుంది. ఆ గదిలోనూ నాతో మాట్లాడలేదు, ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. ఒకే గదిలో పడుకునేవాళ్లం, ఒకే దువ్వెన వాడేవాళ్లం. ఉప్పు కావాలంటే అమ్మను అడిగేది. అమ్మ నా చేతిలోంచి తీసుకుని దానికి ఇచ్చేది. నేను చేసింది సరైనదని డాక్టరే చెప్పినా దాని కోపం పోలేదు. ఎందుకు పోవాలి? శిబిరం పోయింది దానికే.

ఇద్దరికీ ఒకే వ్యాయామాలు చెప్పారు. డాబా మీద రెండు చాపలు వేసుకుని, ఒకరినొకరు చూసుకోకుండా చేసేవాళ్లం. ఒకరోజు మునివేళ్ల మీద లేచే వ్యాయామంలో నేను తూలి పడబోయాను. అది చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక వెంటనే వదల్లేదు.

"నువ్వు సార్‌కు చెప్పినప్పుడు నా మీద కుళ్లు ఉన్నదన్నవట," అంది.

"అన్న."

"గది నాకెందుకు చెప్పలె?"

"నీకు తెల్సు గదా."

అది నా చెయ్యి వదిలి, "తెల్సు," అంది. అంతే. మర్నాడు ఉప్పు నన్నే అడిగింది.

సార్ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఇంకో అయిదుగురు పిల్లలను తెచ్చారు. ఇద్దరు ముస్లిం అమ్మాయిలు, జఫర్‌గఢ్ నుంచి బస్సులో వచ్చే ఒకామె, ఇద్దరు మా సందులోవాళ్లు. ఇప్పుడు మ్యాచ్‌లో ఒకరు స్టాప్‌వాచ్‌తో కూర్చుని ఎవరి సమయం అయిపోతే వాళ్ల పేరు గట్టిగా చెప్పాలి. బోర్డు మీద ఏమున్నా సరే, ఆ పేరు వింటే సార్ దించేస్తారు. ఓడిపోతున్నప్పుడు ఆయన దవడ బిగుసుకోవడం కనబడుతుంది. అయినా దించుతారు.

*జూలై*

నాకు మొదట ఇచ్చింది ఎనిమిది నిమిషాలు. మౌనికకు ఇరవై. ఎంపికలు మళ్లీ ఉంటాయట, వచ్చే చలికాలంలో. దానికి దక్కే అవకాశం ఉంది. నాకు ఇక ఉండదు, వయసు దాటిపోతోంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు మంట తగ్గిందని చెప్పను. దానితో పాటే ఆడడం నేర్చుకుంటున్నాను.

జనగామలో మా కోర్టు మీదే మొన్న మ్యాచ్ ఆడాం. పొద్దున వాన పడి ఎండింది. రెండో క్వార్టర్ మధ్యలో మౌనిక పేరు పిలిచారు. అది మంచి ఊపులో ఉంది, వరుసగా మూడు బాస్కెట్లు వేసింది. దాని బదులు ఎక్కాల్సింది నేను. గీత దగ్గర ఎదురుపడ్డాం. అది నా అరచేతిని తన అరచేత్తో తాకి, వెళ్లి కూర్చుంది.

తొమ్మిది నెలల తర్వాత బంతి చేతికి వచ్చింది. భయంతో మొదటిది వెంటనే వేరేవాళ్లకు ఇచ్చేశాను. రెండోది తీసుకుని వెళ్లాను, ఎగిరాను, ఎడమ కాలి మీదే దిగాను. కాలు నిలబడింది. బంతి లోపలికి పోయింది. బాపు లేచి నిలబడ్డాడు. నేను బెంచీ వైపు చూశాను.

మౌనిక చప్పట్లు కొడుతోంది. కొడుతూనే కింది పెదవి పళ్లతో నొక్కిపట్టింది. నేను కిటికీ పక్క మంచం మీద పడుకున్నన్నాళ్లూ నా ముఖం ఎట్లా ఉండి ఉంటుందో అప్పుడు చూశాను.

ఇంటికి నడిచి వస్తుంటే అదే అంది.

"నువ్వు ఆడుతుంటే నాకు మస్తు మండిందక్కా."

"నాకంటె నీకు పన్నెండు నిమిషాలు ఎక్కువున్నయి గదనే."

"ఉన్నయి. అయినా మండింది."

"మండుతది," అన్నాను.

అది నా భుజం మీద చెయ్యి వేసింది. సాయం కోసమేమీ కాదు, ఇద్దరి కాళ్లూ బాగానే ఉన్నాయి. మెల్లగానే నడిచాం.